ఒక్క సప్రెసర్ కొంటే ఇంట్లో ఉన్న తుపాకులన్నిటికీ సరిపోతుందా?

తమ్ముడూ, నీ ప్రశ్న మిగతావాళ్లకూ పనికొస్తుంది కాబట్టి ముందు దాన్ని క్లుప్తంగా చెప్పి మొదలుపెడతాను. మీది ప్రొద్దుటూరు. డల్లాస్ దగ్గర ఉంటున్నావు, గ్రీన్ కార్డు వచ్చింది. నీ దగ్గర .22 బోల్ట్ రైఫిల్, .223 ఏఆర్ (సెమీ ఆటోమేటిక్ రైఫిల్), 9 ఎంఎం పిస్తోలు, జింకల వేటకు తీసుకున్న .308 ఉన్నాయి. .300 బ్లాకౌట్ రైఫిల్ కూడా కొనే ఆలోచనలో ఉన్నావు. ఒక్కోదానికి ఒక్కో సప్రెసర్ (బారెల్ మూతికి బిగించి శబ్దం తగ్గించే గొట్టం, సైలెన్సర్ అన్నా అదే) కొనే స్తోమత లేదు, .308ది ఒకటి తీసుకుంటే అన్నిటికీ బిగించుకోవచ్చా అని అడిగావు. మీ మామ దగ్గరున్న లైసెన్స్ .32 రివాల్వర్‌కి పనికొచ్చే మాటైతే సంక్రాంతికి వచ్చేటప్పుడు వెంట తేవచ్చా అని కూడా అడిగావు.

నేను అనంతపురం ఐటీఐలో టర్నర్ కోర్సు చేసినవాణ్ణి. హ్యూస్టన్ పక్కన ఒక మెషిన్ షాపులో చాలా ఏళ్లు లేత్ మీద పనిచేశాను. లైసెన్స్ ఉన్న షాపు కాబట్టి బారెల్ మూతికి మరలు (సప్రెసర్ బిగించే థ్రెడ్లు) కోయించుకునే పని చాలా వచ్చేది. ఇప్పుడు అనంతపురంలోనే ఉంటున్నాను. ఈ పని గురించి చేతికి తెలిసినంత చెబుతాను.

ముందు జవాబు. .308కి రేటింగ్ ఉన్న, అంటే ఆ తూటాని తట్టుకుంటుందని కంపెనీ చెప్పిన మంచి సప్రెసర్ నీ .308కీ, .223కీ, కొనబోయే .300 బ్లాకౌట్‌కీ సరిపోతుంది. 9 ఎంఎంకి పనికిరాదు. .22కి పెట్టొద్దు. రివాల్వర్‌కి ఏ సప్రెసర్ తగిలించినా లాభం లేదు. ఇండియాకు తేవడమన్న ఆలోచన ఇవాళే వదిలెయ్యి. చివర్లో దాని సంగతి వివరంగా రాస్తాను.

సప్రెసర్ లోపల వరసగా పలకలుంటాయి, బాఫిల్స్ అంటారు. ఒక్కోదానికి నడిమధ్యన ఒక రంధ్రం. బుల్లెట్ ఆ రంధ్రాల గుండా ఎక్కడా తగలకుండా బయటపడుతుంది. వెనకే వచ్చే వేడి గ్యాసు పలకల మధ్య గదుల్లో చిక్కుకుని, వ్యాకోచించి, చల్లబడి నెమ్మదిగా బయటికొస్తుంది. 1909లో హైరమ్ పెర్సీ మాక్సిం పేటెంట్ తీసుకున్నప్పటి నుంచి సూత్రం ఇదే. మాక్సిం మెషిన్‌గన్ చేసిన హైరమ్ స్టీవెన్స్ మాక్సింకి ఈయన కొడుకు. మొదటి లెక్క ఆ రంధ్రానిదే. బుల్లెట్ కంటే రంధ్రం పెద్దదై ఉండాలి. మన అనంతపురం రైతుకి ఇది చెప్పనక్కర్లేదు: ఆరున్నర అంగుళాల బోరులో నాలుగంగుళాల మోటారు దిగుతుంది, నాలుగంగుళాల బోరులో ఆరంగుళాల మోటారు దిగదు. అక్కడైతే మోటారు పైనే ఆగిపోతుంది, నష్టం లేదు. ఇక్కడ బుల్లెట్ సెకనుకు ఎనిమిది వందల మీటర్ల వేగంతో వచ్చి గుద్దుతుంది.

కాబట్టి పెద్ద కేలిబర్ (బుల్లెట్ వ్యాసం లెక్క) సప్రెసర్‌ని చిన్న కేలిబర్‌కి వాడొచ్చు, చిన్నదాన్ని పెద్దదానికి ఎప్పుడూ వాడకూడదు. ఈ మాట నీకు ఎక్కడైనా వినిపిస్తుంది. నిజమే, కానీ సగమే నిజం. మనుషులు దెబ్బ తినేది మిగతా సగంలోనే.

పేర్లను నమ్మొద్దు, బుల్లెట్ అసలు వ్యాసం చూడు. .223 తూటా బుల్లెట్ 0.224 అంగుళం, అంటే 5.7 మిల్లీమీటర్లు. .308 విన్‌చెస్టర్, .300 బ్లాకౌట్, .30-06, .300 విన్‌చెస్టర్ మాగ్నం అన్నిటి బుల్లెట్ వ్యాసం ఒకటే, 0.308 అంగుళం, అంటే 7.8 మిల్లీమీటర్లు. 9 ఎంఎంది 0.355. .38 స్పెషల్ అని పేరున్నదాని బుల్లెట్ కొలిస్తే 0.357 వస్తుంది. డబ్బా మీది పేరుకీ, లోపలి కొలతకీ ఇంత తేడా ఉంటుంది.

రంధ్రం సరిపోయినంత మాత్రాన సప్రెసర్ సరిపోయినట్టు కాదు. .308 తూటాలో మందు (గన్‌పౌడర్) సుమారు 45 గ్రెయిన్లు, అంటే మూడు గ్రాముల లోపు. .300 మాగ్నంలో 70 గ్రెయిన్లు దాటుతుంది. బుల్లెట్ అదే, రంధ్రం అదే, కానీ బాఫిల్స్ మీద పడే గ్యాసు ఒకటిన్నర రెట్లు. బరువు తగ్గాలని పలచగా చేసిన .308 సప్రెసర్ని మాగ్నంకి పెట్టొద్దని కంపెనీయే రాసి ఉంటుంది. బారెల్ పొడవు కూడా లెక్కే. పదహారు అంగుళాల బారెల్‌లో .223 మందు చాలామటుకు లోపలే కాలిపోతుంది. పదిన్నర అంగుళాల బారెల్‌లో ఇంకా మండుతున్న గ్యాసు ఎక్కువ ఒత్తిడితో వచ్చి మొదటి బాఫిల్‌ని కొడుతుంది. అందుకే ఏ కేలిబర్‌కి కనీసం ఎంత పొడవు బారెల్ ఉండాలో కంపెనీలు పట్టిక ఇస్తాయి. కొనేముందు ఆ పట్టిక చదవాలి, కౌంటర్ దగ్గర కుర్రాడి మాట కాదు. టైటానియం తేలిక, వేటకు మోసుకెళ్లడానికి బాగుంటుంది. కానీ వరసగా కాల్చి బాగా వేడెక్కిస్తే దాని బలం తగ్గుతుంది. నువ్వు రేంజిలో ఏఆర్‌తో మ్యాగజీన్ మీద మ్యాగజీన్ కాల్చేవాడివైతే ఇన్‌కొనెల్ లాంటి మిశ్రమలోహంతో చేసింది తీసుకో, బరువైనా పర్వాలేదు.

ఇప్పుడు మరల సంగతి. నాకు అన్నిటికంటే ఎక్కువ భయం దీనితోనే. అమెరికాలో .22 రైఫిళ్లకూ, .223 ఏఆర్‌లకూ, చాలా 9 ఎంఎం బారెళ్లకూ మూతి మరలు ఒకటే: అర అంగుళం వ్యాసం, అంగుళానికి 28 మరలు. .308కీ .300 బ్లాకౌట్‌కీ 5/8 అంగుళం, అంగుళానికి 24. అంటే .223 కోసం చేసిన సప్రెసర్ నీ 9 ఎంఎం బారెల్‌కి చక్కగా, ఏ శ్రమా లేకుండా బిగుస్తుంది. చేతికి ఏ తేడా తెలియదు. ట్రిగ్గర్ నొక్కితే 9 మిల్లీమీటర్ల బుల్లెట్ ఆరేడు మిల్లీమీటర్ల రంధ్రంలోకి వెళ్తుంది. మర పట్టిందంటే సరిపోయిందని అర్థం కాదు తమ్ముడూ, ఈ ఒక్క మాట మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకో. తలుపు తాళంలా త్వరగా తగిలించే క్విక్ మౌంట్లు వచ్చాక ఈ ప్రమాదం ఇంకా పెరిగింది. రెండు రైఫిళ్లకీ ఒకే రకం మౌంట్ ఉంటే, మరలు వేరైనా ఏ సప్రెసరైనా ఏ రైఫిల్‌కైనా టక్కున కూర్చుంటుంది. సప్రెసర్ చివర బుల్లెట్ బయటపడే వైపు మూతని కేలిబర్‌ని బట్టి మార్చుకునే మోడళ్లు కూడా ఉన్నాయి. నిన్న .223కి చిన్న మూత వేసి, ఇవాళ అలాగే .308కి తగిలిస్తే ఆ మూత ఎగిరిపోతుంది.

మా షాపుకు ఒకతను చెడిపోయిన సప్రెసర్ తెచ్చాడు. కేలిబర్ సరైనదే, మౌంట్ సరైనదే. ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పట్టి వెనకనుంచి చూశాను. మొదటి రంధ్రాలు ఒకదాని వెనక ఒకటి గుండ్రంగా ఉన్నాయి. నాలుగోదాని నుంచి ఒక పక్క అంచు మీద రాగి రంగు గీత, సన్నగా మెరుస్తూ. ముందుకు పోయేకొద్దీ ఆ గీత వెడల్పై, చివరి మూత రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి సాగిపోయింది. బారెల్ చూస్తే ఎవరో మరలు కోసేటప్పుడు బారెల్ బయటి వ్యాసాన్ని పట్టి తిప్పారు, లోపలి రంధ్రం మధ్యగీతని పట్టలేదు. బారెల్ లోపలి రంధ్రం బయటి అంచుకు సరిగ్గా మధ్యలో ఉంటుందని ఏ లేత్ మనిషీ అనుకోకూడదు. దానికి తోడు మధ్యలో నలిగే వాషర్ వేశాడు. ఆ వాషర్ ఒక పక్క ఎక్కువ నలిగి సప్రెసర్‌ని ఇంకాస్త వంచింది. మూతి దగ్గర వెంట్రుకవాసి వంకర ఆరేడు అంగుళాల దూరంలో బాఫిల్‌ని తాకేంత అవుతుంది.

అందుకని ఏ తుపాకికైనా మొదటిసారి బిగించేటప్పుడు అలైన్‌మెంట్ రాడ్‌తో చూడాలి. ఆ కేలిబర్‌కి సరిపడా నున్నగా గ్రైండ్ చేసిన నిటారు స్టీలు కడ్డీ అది. తుపాకి ఖాళీ చేసి, చాంబర్ (తూటా కూర్చునే చోటు) వేలితో తడిమి ఖాళీ అని తేల్చుకుని, సప్రెసర్ బిగించి, కడ్డీని ముందునుంచి బారెల్‌లోకి దూర్చాలి. మూత రంధ్రంలో కడ్డీ చుట్టూ కనిపించే సందు అన్ని వైపులా సమానంగా ఉండాలి. ఒక పక్కకి ఒరిగి అంచుని తాకుతున్నట్టుంటే కాల్చొద్దు, మంచి గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్లు. నలిగే వాషర్లు వాడొద్దు. సప్రెసర్ నేరుగా బారెల్ భుజానికి (మరలు మొదలయ్యే చోటి మెట్టుకి) ఆనాలి, తప్పదంటే చదునుగా గ్రైండ్ చేసిన షిమ్ (పలచటి లోహపు రింగు) వాడాలి. రెండు మూడు తుపాకులకి ఒకే సప్రెసర్ మారుస్తూ ఉండేవాడికి ఈ కడ్డీ సప్రెసర్‌తో పాటే కొనాల్సిన వస్తువు.

9 ఎంఎం పిస్తోలుకి .308 సప్రెసర్ ఎందుకు కాదంటే రంధ్రం ఒక్కటే కారణం కాదు. ఇప్పటి 9 ఎంఎం పిస్తోళ్లలో చాలావాటికి పేల్చగానే బారెల్ కాస్త వెనక్కి జరిగి వంగుతుంది, అప్పుడే కొత్త తూటా లోపలికెక్కుతుంది. మూతికి పావుకిలో బరువు బిగిస్తే బారెల్ కదలక పిస్తోలు ఆగిపోతుంది. అందుకే పిస్తోలు సప్రెసర్లలో ఒక స్ప్రింగ్ భాగం ఉంటుంది, నీల్సన్ డివైస్ అంటారు, బూస్టర్ అన్నా అదే. అది ఒక్క క్షణం బరువుని బారెల్ నుంచి విడదీస్తుంది. అదే సప్రెసర్‌ని బారెల్ కదలని 9 ఎంఎం కార్బైన్‌కి (పొట్టి రైఫిల్‌కి) పెట్టాలంటే ఆ స్ప్రింగ్ తీసి గట్టి స్పేసర్ వెయ్యాలి, లేకపోతే బూస్టర్ గుద్దుకుని పాడవుతుంది. 9 ఎంఎం సప్రెసర్‌ని .223కి వాడదామా అని ఎవరైనా అనుకోవచ్చు, రంధ్రం పెద్దదే కదా అని. .223 మందు 25 గ్రెయిన్లు, 9 ఎంఎంది ఐదారు. పిస్తోలు కోసం చేసిన అల్యూమినియం బాఫిల్స్ ఆ గ్యాసుకి చీలిపోతాయి. రైఫిల్ కేలిబర్లకూ రేటింగ్ ఉందని కంపెనీ ప్రత్యేకంగా రాస్తే తప్ప ఆ పని చెయ్యొద్దు.

.22 సంగతి వేరు. దానిలో మందు గ్రెయినో, రెండో. నీ .308 సప్రెసర్‌కి అది లెక్కలోకే రాదు. సమస్య సీసంతో. .22 బుల్లెట్లలో చాలామటుకు సీసమే బయటికి ఉంటుంది, మందు కూడా మురికి. వందల రౌండ్లు కాల్చేసరికి సీసం, మసి బాఫిల్స్ మీద పొరలు పొరలుగా గట్టిపడి సప్రెసర్ బరువెక్కుతుంది. రైఫిల్ సప్రెసర్లు చాలావరకు వెల్డ్ చేసి మూసేసినవి, విప్పలేవు. .22 కోసం చేసినవి విప్పి కడుక్కునేలా ఉంటాయి, ధర కూడా తక్కువ. కాబట్టి నీకు రెండోది కొనాల్సి వస్తే ఇదే కొను. కడిగేటప్పుడు ఒక జాగ్రత్త. వెనిగర్‌లో హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి నానబెట్టమని చెప్పేవాళ్లుంటారు. సీసం దానిలో కరిగి లెడ్ అసిటేట్ అవుతుంది, అది విషం, చర్మం గుండా కూడా ఒంట్లోకి వెళ్తుంది. ఇంట్లో పిల్లలున్నారన్నావు. ఆ పని అస్సలు చెయ్యొద్దు. విడిభాగాలు చేతికి గ్లౌజులు వేసుకుని మామూలు గన్ సాల్వెంట్‌తో, బయట, పిల్లలకి దూరంగా శుభ్రం చేసుకో.

.300 బ్లాకౌట్ కొంటానన్నావు కాబట్టి సప్రెసర్ కంటే ముందు చెప్పాల్సినది ఒకటుంది. ఆ తూటా .223 మ్యాగజీన్‌లోనే కూర్చుంటుంది. కొన్ని రకాల .300 బ్లాకౌట్ తూటాలు .223 బారెల్ చాంబర్‌లోకి కూడా ఎక్కి బోల్ట్ మూసుకుంటుంది. పేలిస్తే 7.8 మిల్లీమీటర్ల బుల్లెట్ 5.7 మిల్లీమీటర్ల బారెల్‌లో ఇరుక్కుని రైఫిల్ బద్దలవుతుంది. రెండు రైఫిళ్ల మ్యాగజీన్లకీ వేరే రంగులు పెట్టు, రేంజికి ఒకేసారి రెండూ తీసుకెళ్లకు.

శబ్దం ఎంత తగ్గుతుందన్నది కూడా అడిగావు. సప్రెసర్ లేని .308 దగ్గర్లో 165 డెసిబెల్స్ దాటుతుంది. ఒక్క దెబ్బకే చెవికి హాని చేస్తుందని చెప్పే హద్దు 140. మంచి సప్రెసర్ 25 నుంచి 30 దాకా తగ్గిస్తుంది. అంటే సుమారుగా ఆ హద్దు దగ్గరికి తెస్తుంది, సినిమాలో వినిపించే 'ఫుట్' శబ్దం కాదు. .223కి .308 రంధ్రం కాస్త వదులు కాబట్టి అసలు .223 సప్రెసర్ కంటే కొద్ది డెసిబెల్స్ ఎక్కువ వినిపిస్తుంది. అది నీ డబ్బు ఆదాతో పోలిస్తే పట్టించుకోవాల్సిన తేడా కాదు. ఏఆర్‌లో గ్యాసు వెనక్కి తన్ని ముఖానికి కొడుతుంది, బోల్ట్ వేగం పెరుగుతుంది. ఆ ఇబ్బంది నచ్చకపోతే సర్దుబాటు చేసుకునే గ్యాస్ బ్లాక్ (బారెల్ నుంచి రైఫిల్ యంత్రాంగానికి వెళ్లే గ్యాసుని తగ్గించుకునే భాగం) వేయించుకో.

బుల్లెట్ ధ్వనివేగం దాటితే వచ్చే చప్పుడుని ఏ సప్రెసరూ ఆపలేదు. గాలి 20 డిగ్రీలుంటే ధ్వనివేగం సెకనుకు 343 మీటర్లు. మన అనంతపురం ఎండలో 40 డిగ్రీలకి 355 దాకా పోతుంది. .308, .223 దానికి రెట్టింపు, అంతకు మించి వేగం. .300 బ్లాకౌట్ బరువు బుల్లెట్‌తో 310, 320 మీటర్ల దగ్గరే నడుస్తుంది, దానికి పేరొచ్చిందే అందుకు. మిగతావాటికి చెవుల్లో ప్లగ్గులు తప్పవు, సప్రెసర్ ఉన్నా సరే. తుపాకి మార్చిన ప్రతిసారీ జీరో (గురి పెట్టిన చోటే తగులుతుందో లేదో) కూడా చూసుకో. బారెల్ మూతి మీద బరువు మారితే తూటా తగిలే చోటు మారుతుంది. వేటకు వెళ్లేముందు రోజు పేపర్ టార్గెట్ మీద నాలుగు కాల్చి చూసుకోకపోతే గాయపడ్డ జంతువుని అడవిలో వదిలేసి రావాల్సి వస్తుంది. అది నాకు చాలా బాధ కలిగించే విషయం.

ఇక మామ రివాల్వర్. రివాల్వర్‌లో సిలిండర్‌కీ బారెల్‌కీ మధ్య సందు ఉంటుంది, గ్యాసూ శబ్దమూ అక్కడినుంచే బయటికి కొడతాయి. మూతికి ఏది తగిలించినా ఆ సందు మూసుకోదు. పేల్చేటప్పుడు సిలిండర్‌ని ముందుకు నెట్టి ఆ సందు మూసే పాత రష్యన్ 1895 నగాన్ లాంటివి చాలా అరుదు. కాన్పూరు ఫ్యాక్టరీ .32 అలాంటిది కాదు. మన సినిమాల్లో విలన్ రివాల్వర్‌కి సైలెన్సర్ తిప్పి బిగించడం చూసి పెరిగాం, అది చూసే మీ మామ కూడా అడిగి ఉంటాడు.

చట్టం మాటకొస్తే, మన ఆయుధాల చట్టం 1959లో సెక్షన్ 2లోనే తుపాకి నిర్వచనంలో శబ్దం, మెరుపు తగ్గించడానికి చేసిన పరికరం కూడా కలిపి రాశారు. అంటే లైసెన్స్ లేని సైలెన్సర్ ఇంట్లో దొరికితే లైసెన్స్ లేని తుపాకి దొరికినట్టే. మామ లైసెన్స్ ఆ రివాల్వర్‌కే, దీనికి కాదు. దిగుమతికి వేరే లైసెన్స్ కావాలి. అవతల అమెరికా కూడా సప్రెసర్ని మిలిటరీ వస్తువుల ఎగుమతి జాబితాలో పెట్టింది, ప్రభుత్వ అనుమతి లేకుండా సూట్‌కేసులో పెట్టుకొచ్చినా ఎగుమతి నేరమే. రెండు దేశాల్లోనూ కేసు. పైగా మన కడప, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో ఆయుధం మాట వస్తే పోలీసులు ఎంత సీరియస్‌గా చూస్తారో, ఎందుకలా చూస్తారో మనకి ఇంకొకరు చెప్పక్కర్లేదు. ఇక్కడి లేత్‌లో మరలు కోయించడం కూడా కుదరదు. తుపాకిని మార్చడం, మరమ్మతు చెయ్యడం లైసెన్స్ ఉన్నవాళ్లే చెయ్యాలి. మామకి ఈ మాట నువ్వే చెప్పు, వినకపోతే నాతో ఫోన్‌లో మాట్లాడించు.

అమెరికాలో నీకు దారి సులువే. 1934 నాటి నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ కింద పెట్టిన 200 డాలర్ల పన్ను 2026 జనవరి 1 నుంచి సప్రెసర్లకి సున్నా అయింది. రిజిస్ట్రేషన్ పోలేదు. ఫారం 4 దరఖాస్తు, వేలిముద్రలు, ఫోటో అన్నీ ఇవ్వాలి, ఆమోదం వచ్చాకే షాపు చేతికిస్తుంది. పన్ను పోయింది కదా అని ఆన్‌లైన్‌లో దొరికే ఫిల్టర్ కిట్లకి రంధ్రాలు వేసి సొంతంగా సప్రెసర్ చేసుకునేవాళ్లున్నారు. ముందస్తు అనుమతి లేకుండా చేస్తే పదేళ్ల దాకా జైలు. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ, మసాచుసెట్స్, ఇల్లినాయ్, డెలావేర్, హవాయి, రోడ్ ఐలండ్‌లో సప్రెసర్ మామూలు జనానికి నిషేధం, ఉద్యోగం మారితే ఇది గుర్తుంచుకో. ఇది చదివే హెచ్1బీ తమ్ముళ్లకి ఒక మాట: ఫెడరల్ చట్టం ప్రకారం మీరు తుపాకి ఉంచుకోవడమే మామూలుగా నేరం, వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు తప్ప. సప్రెసర్ కూడా ఆ చట్టంలో తుపాకే. ఫ్రెండ్ కొన్నాడని మీరూ కొనకండి, ముందు లాయర్‌ని అడగండి.

నీకు నా సలహా ఇది. మౌంట్ మార్చుకునే వీలున్న .30 కేలిబర్ సప్రెసర్ ఒకటి, నీ .223 బారెల్ పొడవుకి రేటింగ్ ఉన్నది. దానితో పాటు రెండు అలైన్‌మెంట్ రాడ్లు, .22 సైజూ .30 సైజూ. ఏడాది తర్వాత విప్పగలిగే .22 సప్రెసర్. 9 ఎంఎం ఇప్పటికి అలాగే ఉండనివ్వు. నీ .308 బారెల్ మూతికి మరలున్నాయో లేవో రాయలేదు. ఉంటే సైజూ, భుజం ఫోటో పక్కనుంచి ఒకటి, ఎదురుగా ఒకటి పెట్టు. .223 బారెల్ పొడవు ఎంతో కూడా రాయి. చూసి ఏ మౌంట్ తీసుకోవాలో చెబుతాను.